కొండ మీద హోటల్ పేరున్న ఇల్లు: బాయిలర్ రూం వైపు నుంచి కొన్ని మాటలు

(హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో ఒక ఆదివారం పొద్దున మిత్రుల సమావేశంలో మాట్లాడింది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు ఎక్కించాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నోళ్ళకు వినిపిస్తుందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు తమ్మీ, మైకు కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. ఆ, ఇప్పుడు బాగుంది.

నన్ను పరిచయం చేసినాయన "హోటల్ రంగ నిపుణులు" అన్నడు, అంత లేదు సార్. నేను హోటళ్ళల్ల ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్‌ల ఇరవై ఆరేళ్ళు పనిచేసిన. అంటే బాయిలర్లు, లిఫ్టులు, ఏసీలు, లాండ్రీ మిషన్లు, డ్రైనేజీ. మీరు లాబీ నుంచి లోపలికొస్తరు, పూలదండ వేస్తరు, జ్యూస్ ఇస్తరు. మేం వెనక గేటు నుంచి, చెత్త లారీ పక్కకెల్లి వస్తం. అందుకే ఇవ్వాళ చెప్పేది కూడా ఆ వైపు నుంచే ఉంటది, ఇన్వెస్ట్‌మెంట్ సలహా అనుకోకండి. ఎక్కువ ఏళ్ళు ఇక్కడ హైదరాబాద్‌లనే చేసిన, మధ్యల ఆరేళ్ళు ఉత్తరాదిన ఒక కొండ ఊర్ల ఉన్న. ఆ హోటల్ పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

కొండల మీద పెద్ద హోటల్ పేరు పెట్టి అమ్మే ఇండ్లు, ఈ టాపిక్ ఎందుకంటే, మూడు నెలల కింద మా దోస్త్ ఒకాయన ఇంటికొచ్చిండు. ఆయనకు కోకాపేట దగ్గర తాతల నాటి భూమి కొంచెం ఉండె. 2023ల అక్కడి నియోపోలిస్ అనే సర్కారు లేఅవుట్ వేలంల ఎకరం 100 కోట్లు దాటింది చూసినం గద, ఆ వేడిలనే ఈయన కూడా ఒక ముక్క అమ్మిండు. చేతిల డబ్బుంది, కొడుకు డెన్వర్‌ల సాఫ్ట్‌వేర్, ఆ కొడుకే ఒక బ్రోచర్ పంపిండు. ఆ బ్రోచర్ పట్టుకుంటే పెండ్లి కార్డు లెక్క మందంగ ఉంది. మంచు కొండ, దాని కింద చెక్క బాల్కనీ, బాల్కనీల నెగడు, నెగడు పక్కన కుక్క. హోటల్ పేరు ప్రతి పేజీల ఉంది, బంగారం రంగుల. బిల్డర్ పేరు ఏది అంటే వెతుక్కున్నం ఇద్దరం. చివరి పేజీ కింద, ఆవగింజంత అక్షరాలల్ల ఉంది. నేను కండ్లద్దాలు పెట్టుకొని చదివిన, ఆయనకు తెలుగుల చెప్పిన: ఈ ఇండ్లు ఆ హోటల్ కంపెనీవి కావు, ఆ కంపెనీ కట్టడం లేదు, అమ్మడం లేదు, బిల్డర్ ఆ పేరును లైసెన్స్ మీద వాడుకుంటున్నడు, లైసెన్స్ పోతే పేరు కూడా పోతది.

ఆయన కొంచెం సేపు చాయ్ తాగకుండ కూర్చొని, "మరి నేను కొనేది ఏందిరా?" అన్నడు. నేను ఇవ్వాళ చెప్పేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

ముందు ఇది ఎట్ల పుట్టిందో రెండు ముక్కల్ల చెప్త. న్యూయార్క్‌ల 1927ల షెర్రీ నెదర్లాండ్ అని ఒక హోటల్ తెరిచిన్రు, హోటల్ గదులతో పాటు జనం కాపురముండే అపార్ట్‌మెంట్లు కూడా అందులనే. ఇప్పుడు మనం చూస్తున్న పద్ధతి, అంటే ఒక పెద్ద హోటల్ కంపెనీ తన పేరును ఇండ్లకు ఇచ్చుడు, 1985ల బోస్టన్‌ల ఫోర్ సీజన్స్‌తోని మొదలైందని ఈ లైన్ల ఉన్నోళ్ళు చెప్తరు. అక్కడికెల్లి కొండలెక్కింది. కొలరాడోల ఆస్పెన్, వేల్, యూటాల డీర్ వ్యాలీ, కెనడాల విస్లర్, స్విట్జర్లాండ్‌ల ఆండర్‌మాట్, జపాన్‌ల నిసెకో. 2008ల అమెరికా రియల్ ఎస్టేట్ కూలింది యాదికుందా, అప్పటికే పునాదులు పడ్డ బిల్డింగులు మధ్యల ఆపలేరు గద, డీర్ వ్యాలీల సెయింట్ రీజిస్, మోంటాజ్, వేల్‌ల ఫోర్ సీజన్స్, రిట్జ్ కార్ల్‌టన్ ఇండ్లు, ఇవన్నీ 2009, 2010లల్ల తయారైనయి, కొనేటోళ్ళు దొరకని టైంల.

కొండ మీదనే ఎందుకు ఇంత ఎక్కువ అంటే లెక్క సింపుల్. కొండ ఊర్లకు సీజన్లు రెండే, మంచు సీజన్, ఎండాకాలం. నడుమ ఏప్రిల్, మే నెలల్ల అక్కడ మంచు కరిగి అంతా బురద, అమెరికాల దానికి మడ్ సీజన్ అనే పేరే పెట్టుకున్నరు, సగం రెస్టారెంట్లు తాళాలేసుకుంటయి. అట్లాంటి జాగల వట్టి హోటల్ కడితే పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే ఏండ్లు పడ్తది. అదే బిల్డింగ్‌ల పై అంతస్తులు ఫ్లాట్లుగ అమ్మితే డబ్బు కట్టకముందే వస్తది. అంటే స్విమ్మింగ్ పూలు, స్పా, లాబీ, ఇవన్నీ లేచేది ఫ్లాట్ కొన్నోళ్ళ పైసలతోని. మనదగ్గర ప్రీలాంచ్ అంటే తెలియనోళ్ళు లేరు కాబట్టి ఎక్కువ చెప్పను.

హోటల్ కంపెనీకి ఏమొస్తది? అమ్మిన ధరల ఇంత శాతం అని లైసెన్స్ ఫీజు. తర్వాత ఏటేటా మేనేజ్‌మెంట్ ఫీజు. పక్క బిల్డింగ్‌ల పేరు లేని ఫ్లాట్ కంటే ఈ పేరున్న ఫ్లాట్ పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఎక్కువ రేటు పలుకుతదని బ్రోకర్లు చెప్తరు. అది అబద్ధం అనను, నిజంగనే పలుకుతది. కాకపోతే ఆ ఎక్కువ పెట్టింది ఇటుకకు కాదు, యూడీఎస్‌కు, అంటే ఫ్లాట్‌తోని వచ్చే భూమి వాటాకు కాదు, పేరుకు. మన దగ్గర ఫ్లాట్ కొంటే యూడీఎస్ ఎన్ని గజాలొస్తది అని వాచ్‌మన్‌ను కూడా అడుగుతం, అక్కడికి పోంగనే మంచు చూసి ఆ అడుగుడు మర్చిపోతం.

ఇగ అసలు సంగతి. లైసెన్స్ ఒప్పందం బిల్డర్‌కు, హోటల్ కంపెనీకి నడుమ ఉంటది. అందుల మీ సంతకం ఉండదు. ఎన్నేండ్లు, ఏ తప్పు చేస్తే రద్దు, అమ్మకాలు సరిగ్గ కాకపోతే ఏంది, అవన్నీ ఆ కాగితంల ఉంటయి, చాలాసార్లు అది మీకు చూపియ్యరు, "కాన్ఫిడెన్షియల్ సార్" అంటరు. ఇంటి ఓనర్లు మొగుడుపెండ్లాలు కొట్లాడుకుంటే పై పోర్షన్ల కిరాయికున్నోడి గతి ఎట్లుంటది, అట్లుంటది మన సంగతి. ఇంకో తేడా ఏందంటే ఇక్కడ ఆ కిరాయికున్నోడే రేటు మొత్తం కట్టిండు.

పేరు పోవుడు ఎక్కడో పుస్తకాలల్ల జరిగేది కాదు. టొరంటోల ఒక టవర్ 2012ల ట్రంప్ పేరు మీద తెరిచిన్రు, 2017ల ఆ పేరు పీకేసిన్రు, కొన్ని నెలలు వేరే పేరు, 2018ల సెయింట్ రీజిస్ అయింది. ఆరేండ్లల్ల మూడు పేర్లు. అందుల హోటల్ గదులు కొన్న చిన్న ఇన్వెస్టర్లు కొందరు, మాకు చూపించిన రాబడి లెక్కలు వేరు వచ్చింది వేరు అని కోర్టుకు పోయిన్రు, 2016ల ఒంటారియో అప్పీల్ కోర్టు వాళ్ళ వైపు మాట్లాడింది. అది కొండ ఊరు కాదు, పెద్ద నగరం, నగరంల పేరు పోయినా ఇల్లు ఇల్లే, ఆఫీసులున్నయి, మెట్రో ఉంది, ఎవరో ఒకరు ఉంటరు. కొండ మీద పేరు పోతే మిగిలేది ఏంది? మంచు, మెయింటెనెన్స్.

మెయింటెనెన్స్ అన్న కాబట్టి కొంచెం నా సబ్జెక్ట్‌లకు పోనియ్యండి, మా ఆవిడ ముందే చెప్పింది బాయిలర్ల గురించి ఎక్కువ మాట్లాడకు అని. (నవ్వులు)

ఆస్పెన్, వేల్ రెండూ దాదాపు 8,000 అడుగుల ఎత్తుల ఉంటయి. ఆ ఎత్తుల నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతయి, అందుకే మీ పప్పు కుక్కర్ లేకుండ ఉడకదు. గాలి పల్చగ ఉంటది కాబట్టి గ్యాస్ బర్నర్ కూడా పూర్తి దమ్ము చూపియ్యదు, ప్రతి వెయ్యి అడుగులకు 4 శాతం తగ్గించి లెక్క వెయ్యాలె, అంటే ఆ ఎత్తుల 30 శాతం దాకా పోతది. అదే వేడి కావాలంటే పెద్ద బాయిలర్ పెట్టాలె. బ్రోచర్ల చలికాలం ఫొటో ఉంది గద, డ్రైవ్ వే మీద చుక్క మంచు లేదు, నల్లగ తళతళ మెరుస్తుంది. అది ఎట్ల వచ్చింది? కింద పైపులు పరిచి వేడి నీళ్ళు, గడ్డకట్టకుండ గ్లైకాల్ కలిపి, రాత్రిపగలు తిప్పుతరు. స్నోమెల్ట్ అంటరు. బయట ఆకాశాన్ని వేడి చేసుడే అది. ఆస్పెన్‌ల దీనిమీద 2000 నుంచి ఒక ఫీజు పెట్టిన్రు, బయట మంచు కరిగించే పైపులు, వేడి నీళ్ళ పూలు పెట్టుకునేటోళ్ళు అంత కరెంటో గ్యాసో వేరేకాడ ఆదా చెయ్యనీకె డబ్బు కట్టాలె. మంచి ఆలోచన అనిపించింది నాకు.

ఇంకొకటి, కొండ ఇల్లు ఖాళీగ ఉన్నా ఖర్చు ఆగదు. మన మణికొండ ఫ్లాట్‌కు తాళమేసి ఆరు నెలలు అమెరికా పోతే మహా అయితే బల్లులు వస్తయి. అక్కడ హీటింగ్ ఆపితే నల్లా పైపుల నీళ్ళు గడ్డకట్టి పైపు పగుల్తది, మంచు కరిగినప్పుడు కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్‌ల నుంచి మీ తప్పు కారుతది. ఎవరూ లేని ఇంటిని మూడు నాలుగు నెలలు వెచ్చగ ఉంచాలె.

మా దోస్త్ కొడుకుతోని చెప్పి, అట్లాంటి బిల్డింగ్‌లనే ఫ్లాట్ ఉన్న ఒకాయన నెల స్టేట్‌మెంట్ ఫొటో తెప్పించిన, పేరు, అంకెలు దాచి పంపిండు పాపం. పేజీన్నర ఉంది. అసోసియేషన్ డ్యూస్, అది అందరికీ తెలిసిందే. దాని కింద రిజర్వ్, అంటే మన కార్పస్ ఫండ్ లెక్క, కాకపోతే ఒక్కసారి కట్టి వదిలేసుడు లేదు. దాని కింద ఫర్నిచర్ రిజర్వ్, సోఫాలు, పరుపులు, తెరలు హోటల్ చెప్పిన టైముకు మార్చాలె, మీ సోఫా బాగున్నా సరే. ఫ్రంట్ డెస్క్ వాటా. షటిల్ బండి వాటా. స్నోమెల్ట్ గ్యాస్. పైకప్పు మంచు తీసిన కూలి. హాట్ టబ్ నీళ్ళు మార్చిన ఛార్జీ. ఆ నెల ఆయన ఆ ఇంట్ల ఒక్క రోజు కూడా లేడు. మా దోస్త్ ఆ పేజీ చూసి "ఇది బిల్లా, పెండ్లి సామాన్ల లిస్టా" అన్నడు.

సరే, ఇప్పుడు నా కండ్ల ముందు జరిగింది ఒకటి చెప్త. నేను చేసిన ఆ కొండ హోటల్‌కు ఒక పక్కన ఇరవై దాకా ఫ్లాట్లు ఉండె, అమ్మినయి, ఓనర్లు వచ్చిపోయేటోళ్ళు. జనవరి, రాత్రి ఎనిమిదిన్నర అనుకుంట. ఫైర్ ప్యానెల్ మోగింది. మూడో అంతస్తు, ఫ్లాట్ కిచెన్. రూల్ ఏందంటే ప్యానెల్ మోగితే ముందు అందర్నీ బయటికి పంపాలె, తర్వాత చూడాలె. పంపినం. బయట మంచు పడుతుంది, జనం తెల్ల బాత్‌రోబులు, కాగితం చెప్పులు, చేతుల పిల్లలు. నేను పైకి ఉరికి తలుపు తీస్తే ఒక పెద్దమ్మ, తెలుగామె, విజయవాడ వైపు అనుకుంట, పొయ్యి ముందర నిల్చుంది, చేతుల గరిటె, గరిటెల నూనె, నూనెల ఎండుమిరపకాయలు, ఆవాలు. పప్పుకు పోపు పెడుతుంది. నేను దగ్గుకుంట "అమ్మా, అలారం" అన్న. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి "ఇది మా ఇల్లు బాబూ, కోట్లు పోసి కొన్నాం. మా ఇంట్లో మేం పోపు పెట్టుకోకూడదా?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆమెదే కరెక్ట్. మామూలు ఇంట్ల అయితే కిచెన్‌ల పొగను పట్టే డిటెక్టర్ పెట్టం, వేడిని పట్టేది పెడతం, చిమ్నీ పొగను డక్ట్ ద్వారా బయటికి నూకుతది. ఇక్కడ హోటల్ స్టాండర్డ్ అని అన్ని గదులల్ల ఒకటే రకం పొగ డిటెక్టర్ పెట్టిన్రు, అది పోయి హోటల్ మెయిన్ ప్యానెల్‌కు కలుస్తది. పొయ్యి మీద హుడ్ ఉంది, చూడనీకె మంచిగుంది, లోపల డక్ట్ లేదు. పొగను గుంజి, జాలిల వడగట్టి, మళ్ళ అదే గదిలకు ఊదుతది. టోస్ట్ చేసుకొని కాఫీ తాగేటోళ్ళను మనసుల పెట్టుకొని గీసిన కిచెన్ అది. నేను మార్చుదామని లెటర్ రాసిన. బ్రాండ్ స్టాండర్డ్ మార్చాలంటే పై నుంచి అనుమతి రావాలె అన్నరు. నేను ఆడ ఉన్నన్ని రోజులు రాలే. తర్వాత ఆ అమ్మ వచ్చినప్పుడల్లా మా పిల్లగాడొకడు పోయి పోపు టైముకు ఆ ఒక్క డిటెక్టర్‌ను ప్యానెల్‌ల ఆపి, అయినంక ఆన్ చేసేది. అది తప్పు, ఫైర్ సేఫ్టీ వాళ్ళు వింటే నన్ను తిడ్తరు. అయినా చేసినం.

రెంటల్ పూల్ అని ఇంకోటి ఉంది. మీరు లేనప్పుడు మీ ఫ్లాట్‌ను హోటల్ గదిగ అద్దెకిస్తరు, వచ్చిన దాంట్ల ఖర్చులు తీసి పంచుకుంటరు. ఖర్చులు ఎవరు లెక్క వేస్తరు? వాళ్ళే. అమెరికాల మాత్రం సేల్స్ పిల్లగాడు "అద్దె ఇంతొస్తది సార్" అని నోటితోని అనడు, అన్లేడు. అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ 1973లనే చెప్పింది, అద్దె రాబడి ఆశ చూపించి కాండో, అంటే ఫ్లాట్, అమ్మితే అది షేర్ అమ్మినట్టే లెక్క, ఆ రూల్స్ అన్నీ వర్తిస్తయి అని. మన దగ్గర "అష్యూర్డ్ రెంటల్" అని ఫ్లైఓవర్ పక్కన హోర్డింగే పెడతరు.

మీ ఇంట్ల మీరు ఎన్ని రోజులు ఉండొచ్చో కూడా లెక్కే. విస్లర్‌ల ఫేజ్ 2 అనే కండిషన్ ఉన్న ఫ్లాట్లకు ఓనర్ ఏడాదికి 56 రోజులే, చలికాలం 28, ఎండాకాలం 28. మిగతాది అద్దెకే. ఊరు చచ్చిపోకుండ, గదులల్ల లైట్లు వెలగాలని పెట్టిన రూల్ అది, ఊరి వైపు నుంచి చూస్తే న్యాయమే. కాని డిసెంబర్ 25కు మీరు మీ ఇంటికి పోవాలంటే ముందే బుక్ చేసుకోవాలె.

అద్దెకిచ్చే ఇంట్ల మీ సామాను ఎక్కడ పెడతరు? ఓనర్స్ క్లోజెట్ అని ఒక అల్మారా ఉంటది, తాళం మీ దగ్గర. నేను రిపేర్లకు పోయినప్పుడు ఓనర్లు నా ముందే తీసేటోళ్ళు. ఏముంటయి అందుల? కుక్కర్, ఆవకాయ సీసా, మంకీ క్యాప్, పిల్లల స్వెటర్లు, గుడ్డల చుట్టిన వెంకటేశ్వర స్వామి ఫొటో. గోడకు మేకు కొట్టొద్దు అని రూల్. వచ్చినప్పుడు స్వామిని తీసి టీవీ పక్కన పెట్టుకునేటోళ్ళు, పోయేటప్పుడు మళ్ళ గుడ్డల చుట్టి లోపల పెట్టేటోళ్ళు.

చట్టాల గురించి త్వరగ చెప్పి ముగిస్త, టైం అయిపోతుంది. స్విట్జర్లాండ్‌ల విదేశీయులు ఇల్లు కొనుడు మీద లెక్స్ కోలర్ అని గట్టి చట్టం ఉంది. 2012ల జనం ఓటేసి ఏ ఊర్లనైనా సెకండ్ హోంలు 20 శాతం దాటొద్దు అన్నరు. ఆండర్‌మాట్‌ల ఈజిప్ట్ వ్యాపారి సమీహ్ సావిరిస్ పెట్టిన ప్రాజెక్టుకు కోలర్ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చిన్రు, 2013 డిసెంబర్‌ల అక్కడ ది చెడి హోటల్ తెరిచిన్రు, దాంతో పాటు అమ్మే ఫ్లాట్లు. అందుకే బ్రోకర్లు ఆ ఒక్క ఊరి పేరే ఎక్కువ చెప్తరు. మన దేశంల అయినా, హిమాచల్‌ల 1972 చట్టం సెక్షన్ 118 ప్రకారం అక్కడి వ్యవసాయదారులు కానోళ్ళు భూమి కొనాలంటే సర్కారు పర్మిషన్ కావాలె. ఉత్తరాఖండ్‌ల 2025ల చట్టం ఇంకా బిగించిన్రు, 13 జిల్లాలల్ల 11 జిల్లాలల్ల బయటోళ్ళు సాగు భూమి కొనొద్దు. అరకు అంటరా, 1/70 చట్టం ఉంది, గిరిజన భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారదు. "అరకుల రిసార్ట్ విల్లా, రిజిస్ట్రేషన్ పక్కా" అని ఎవడన్న వాట్సాప్‌ల పంపితే డిలీట్ చెయ్యండి.

బయటి దేశంల కొనాలంటే ఇక్కడి నుంచి మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్లే పంపొచ్చు, 10 లక్షలు దాటిన దానిమీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటది, తర్వాత పన్నుల సర్దుకోవచ్చు కాని ఆ డబ్బు ఏడాది పాటు మీ చేతిల ఉండదు. కొన్నంక ప్రతి ఏడాది ఇన్‌కంటాక్స్ రిటర్న్‌ల షెడ్యూల్ ఎఫ్ఏ అనే విదేశీ ఆస్తుల పట్టికల చూపియ్యాలె, మర్చిపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా పోతది. ఈ ముచ్చట బ్రోచర్ల ఉండదు, మీ సీఏను అడగండి.

ఆఁ, ఇది మర్చిపోతుంటి. సర్వీస్, సర్వీస్ అంటరు గద, ఆ సర్వీస్ చేసేటోళ్ళు ఎక్కడ ఉంటరు? ఆస్పెన్‌ల ఇండ్ల రేట్లు ఎట్లున్నయంటే టీచర్లు, నర్సులు, హోటల్ పనోళ్ళు ఊర్ల ఉండలేరు, లోయల కిందికెల్లి బస్సుల్ల వస్తరు. ఆ ఊరు ఇల్లు చేతులు మారిన ప్రతిసారి 1 శాతం పన్ను తీసి పనోళ్ళ ఇండ్లకు పెడ్తది. వేల్ 2017 నుంచి ఇంకో పని చేస్తుంది, ఓనర్‌కు డబ్బిచ్చి ఈ ఇంట్ల ఇక్కడ పనిచేసేటోళ్ళే ఉండాలె అని కాగితం రాయించుకుంటది. మా కొండ హోటల్‌ల అట్లాంటిది ఏం లేదు. మా స్టాఫ్ క్వార్టర్స్‌ల ఒక రూంల ఎనిమిది మంది పనిచేసే పిల్లగాళ్ళు, పైపు గడ్డకడితే బకెట్‌తోని హోటల్ నుంచి వేడి నీళ్ళు మోసుకునేటోళ్ళం. పైన డ్రైవ్ వే వేడిగ ఉండె.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకాయన: మరి మీ దోస్త్ కొన్నడా సార్?)

ఇంకా కొనలే. బిల్డర్‌కు మెయిల్ పెట్టించిన, లైసెన్స్ ఒప్పందంల రద్దు క్లాజ్ ఒక్క పేజీ పంపండి, గత మూడేండ్ల మెయింటెనెన్స్ లెక్కలు పంపండి అని. రెండు వారాలైంది. బదులు హెలికాప్టర్ నుంచి తీసిన వీడియో ఒకటి పంపిన్రు, మ్యూజిక్ మంచిగుంది. కొడుకు మాత్రం ఫోన్ల "నాన్నా యూనిట్లు అయిపోతున్నయ్" అంటున్నడు.

(ఒకామె: మేం చూసొచ్చామండీ ఒకటి, అడ్వాన్స్ కూడా ఇచ్చాం. ఇప్పుడేం చెయ్యాలి?)

ఇచ్చిన్రా అమ్మా, సరే, కంగారు పడకండి. అగ్రిమెంట్ ఇంకా కాలేదు గద? లాయర్‌తోని ఆ రెండు కాగితాలు అడిగియ్యండి. మళ్ళ చూడనీకె పోతరా? పోతే షో ఫ్లాట్ కిచెన్‌ల పొయ్యి మీద హుడ్ ఉంటది, దాని పైన అల్మారా తలుపు ఉంటది, అది తీసి చూడండి. లోపల అల్యూమినియం గొట్టం పైకి పోతే మంచిదే. ఖాళీగ ఉందనుకోండి, పోపు సామాన్లు ఇంట్లనే పెట్టి పోండి.